బండి ప్రశ్నలు: పాత స్ప్లెండర్ క్లచ్ కవర్ దగ్గర ఆయిల్ కారితే

ప్రశ్న: అన్నా, మాది తాడిపత్రి. మా నాయన నడిపిన 1999 మోడల్ హీరో హోండా స్ప్లెండర్ ఇప్పుడు నేను నడుపుతున్నా. కుడి పక్క ఇంజిన్ కవర్, అదే క్లచ్ కవర్, అడుగున ఆయిల్ చెమ్మ వస్తా ఉంది, రాత్రి బండి పెట్టిన చోట పొద్దునకు రూపాయి బిళ్లంత మరక పడుతోంది. ఒక మెకానిక్ దగ్గర కవర్ విప్పించి బాండ్ (లీకు ఆపే జిగురు) పూయించా, కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదలైంది. ఈసారి నేనే విప్పి, కవర్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఉండే కాగితం ప్యాకింగ్ మార్చుకుందామని ఉంది. చెయ్యొచ్చా?

జవాబు: చెయ్యొచ్చు తమ్ముడూ, నిక్షేపంగా చెయ్యొచ్చు. కాకపోతే విప్పే ముందు ఆయిల్ నిజంగా ఆ జాయింట్ నుంచే వస్తోందా అన్నది తేల్చుకో. ఆయిల్ కారిన చోటు ఒకటి, కనిపించే చోటు ఇంకొకటి. కిక్ రాడ్ సీల్ అరిగినా, క్లచ్ కేబుల్ తగిలించే లివర్ దగ్గర సీల్ పోయినా, పైన ట్యాపెట్ మూత దగ్గర కారినా, డ్రెయిన్ బోల్ట్ వాషర్ పాడైనా, అన్నీ పాకుతూ వచ్చి చేరేది కవర్ అడుగుకే. అందుకని ఇంజిన్‌ను కిరోసిన్‌తో కడిగి, బాగా ఆరనిచ్చి, అనుమానం ఉన్న చోటల్లా ముఖానికి రాసుకునే పౌడర్ చల్లి, డబుల్ స్టాండ్ మీద ఒక పది నిమిషాలు ఇంజిన్ ఆన్‌లో ఉంచు. తెల్లటి పౌడర్ మీద సన్నగా తడి గీత దిగుతుంది. దాని పై కొన ఎక్కడుందో లీకు అక్కడ. కిక్ సీల్ దగ్గరైతే చాలాసార్లు కవర్ విప్పే పనే ఉండదు, బయటి నుంచే మార్చుకోవచ్చు. అలాగే ఇంజిన్ గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు ఒకసారి చూడు, అది మట్టితో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి ఎంత మంచి ప్యాకింగ్ వేసినా ఆయిల్‌ను బయటికి నెడుతుంది.

జాయింట్ నుంచే అని తేలితే అప్పుడు విప్పు. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. తాడిపత్రిలో బండల పాలిష్ దుమ్ము సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు, ఆ దుమ్ము ఆయిల్‌తో కలిసి కవర్ చుట్టూ ముద్దలా పట్టి ఉంటుంది, అందులో చిటికెడు క్లచ్ ప్లేట్లలోకో గేర్లలోకో పడితే ఎమరీ పూసినట్టే. కాబట్టి ముందు బ్రష్‌తో మూలమూలలా కడగాలి. 17 నంబరు స్పానర్‌తో డ్రెయిన్ బోల్ట్ తీసి ఆయిల్ దించెయ్. కొందరు బండిని ఎడమ పక్కకు పడుకోబెట్టి ఆయిల్ తియ్యకుండానే కవర్ విప్పుతారు, నాకు ఆ పద్ధతి నచ్చదు, కార్బొరేటర్ నుంచి పెట్రోల్ కారుతుంది, బ్యాటరీ యాసిడ్ కూడా కారే ప్రమాదముంది.

ఇంజిన్ కింద ఉండే ఫుట్‌రెస్ట్ రాడ్, అడ్డొస్తే సైలెన్సర్, బ్రేక్ పెడల్ తప్పించుకో. కిక్ రాడ్ లాగే ముందు అది షాఫ్ట్ మీద ఏ పల్లులో కూర్చుందో మార్కర్‌తో గీత పెట్టుకో. క్లచ్ కేబుల్ వదులు చేసి లివర్ నుంచి తప్పించు. ఇక కవర్ బోల్టులు. అన్నిటికీ 8 నంబరు టీ స్పానరే సరిపోతుంది కానీ పొడవులు ఒకటి కావు. ఒక అట్టముక్క మీద కవర్ ఆకారం గీసి, ఏ బోల్ట్ ఏ రంధ్రంలోదో అక్కడే గుచ్చుకుంటూ పో. పొట్టి రంధ్రంలో పొడుగు బోల్ట్ వేస్తే అడుగున తగిలి ఆగిపోతుంది, మనం బిగుసుకుందనుకుంటాం, కవర్ మాత్రం అక్కడ వదులుగానే ఉంటుంది. ఇంకా బలవంతం చేస్తే త్రెడ్ పోతుంది, అప్పుడు లేత్ షాపుకు వెళ్లి హెలికాయిల్ (పోయిన త్రెడ్ బదులు వేసే తీగ చుట్ట) వేయించుకోవాల్సిందే.

బోల్టులన్నీ తీసినా కవర్ ఊడి రాదు. అక్కడే అందరికీ తొందర, జాయింట్‌లోకి స్క్రూడ్రైవర్ దూర్చి తన్నడం. దయచేసి ఆ పని చెయ్యొద్దు. అల్యూమినియం మెత్తటి లోహం, స్క్రూడ్రైవర్ మొన ఒక్కసారి కొరికితే ఆ గాటు గుండా ఆయిల్ కారుతూనే ఉంటుంది. నీ బండికి ఇదివరకు జరిగింది ఇదే అయ్యుండొచ్చు, కవర్ తీశాక అంచు మీద వేలి గోరుతో తడిమి చూడు, గోరు తగిలి ఆగే చోటే నీ లీకు. రబ్బరు సుత్తితో కవర్ చుట్టూ మెల్లగా తడుతూ పో, పాత ప్యాకింగ్ వదిలి దానంతట అదే కదులుతుంది. లాగేటప్పుడు కింద గిన్నె పెట్టు, మిగిలిన ఆయిల్ వస్తుంది, క్లచ్‌ను నొక్కే చిన్న ముక్కలేమైనా వెంట వస్తాయేమో కూడా కనిపెట్టు. కవర్‌ను సరైన చోట కూర్చోబెట్టే రెండు డోవెల్ పిన్నులు ఉంటాయి, ఒక్కోసారి కవర్‌లో, ఒక్కోసారి ఇంజిన్‌లో ఉండిపోతాయి, రెండూ లెక్క చూసుకో.

ఇప్పుడు బాండ్ సంగతి. ప్యాకింగ్ పెట్టి దాని మీద వేలి మందాన బాండ్ పూస్తే లీకు ఆగుతుందని చాలామంది నమ్మకం. బిగించినప్పుడు అది బయటికి వచ్చినంతా లోపలికీ వస్తుంది. ఎండి తీగలు తీగలుగా ఊడి ఆయిల్‌లో తిరుగుతుంది. ఆ కవర్ వెనకాలే అడుగున ఆయిల్ పంపుకు ముందుండే జాలీ ఉంది, అది పట్టుకుని లాగితే వచ్చేస్తుంది, బండి బతుకంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఆ జాలీకి బాండ్ ముక్కలు అడ్డం పడితే పైన హెడ్‌కు, క్యామ్‌కు ఆయిల్ సరిగా అందదు. రూపాయి బిళ్లంత మరక ఆపబోయి ఇంజిన్‌నే పోగొట్టుకున్నట్టు అవుతుంది. నువ్వు కవర్ తీసినప్పుడు మొదట చూడాల్సింది ఆ జాలీనే, దాన్ని పెట్రోల్‌తో కడిగి వెలుతురుకు ఎత్తి ప్రతి కన్నూ తెరుచుకుందా చూసి ఎట్లా ఉండేదో అట్లాగే దూర్చెయ్. క్రాంక్ చివర గుండ్రటి ఆయిల్ ఫిల్టర్ మూతకు మూడు స్క్రూలుంటాయి, తీస్తే లోపలి గోడకు నల్లటి మడ్డి పేరుకుని ఉంటుంది. అది తిరిగే వేగానికి ఆయిల్‌లోని చెత్త అంచుకు అంటుకుంటుంది, ఆ ఫిల్టర్ పనే అది. గుడ్డతో తుడిచి, దాని చిన్న ప్యాకింగ్ కూడా కొత్తది వెయ్యి.

పాత ప్యాకింగ్ గీకేటప్పుడు ఇంజిన్ లోపల శుభ్రమైన గుడ్డ కుక్కి, థిన్నర్ పూసి నాననిచ్చి, బ్లేడును పడుకోబెట్టి తియ్యి. ఎమరీ కాగితం ఇంజిన్ వైపు అసలు వాడొద్దు. కవర్ అంచు వంకరగా ఉందనిపిస్తే డోవెల్ పిన్నులు తీసేసి, మందపాటి అద్దం మీద 400 నంబరు ఎమరీ పరిచి, నూనె చుక్క వేసి గుండ్రంగా రెండు మూడు తిప్పులు తిప్పు. మెరుపు అంతటా వస్తే సమతలంగా ఉన్నట్టు, నల్లగా మిగిలిన చోటు పల్లం. మీ ఊళ్లో పాలిష్ బండలు ఎన్ని దొరికినా దీనికి వాడకు, చూపుకు నున్నగా ఉన్నా బండ అద్దమంత సమంగా ఉండదు. తర్వాత కవర్‌ను లోపలి రంధ్రాలతో సహా బాగా కడిగి ఆరబెట్టు.

కొత్త ప్యాకింగ్‌కు ఒక వైపు పల్చగా గ్రీజు రాసి పెట్టు, ఇంకోసారి విప్పినప్పుడు చిరగకుండా వస్తుంది. ఏదైనా గాటు ఉంటే ఆ ఒక్క చోట మాత్రం గోటితో పలచగా బాండ్ అద్దు. కిక్ షాఫ్ట్ పళ్లకు పలచటి ప్లాస్టిక్ కవర్ ముక్క చుట్టి ఆయిల్ రాయి, లేకపోతే ఆ పళ్లు కొత్త సీల్ పెదవిని కోసేస్తాయి. కవర్ చేత్తో నెడితేనే కూర్చోవాలి, బోల్టులతో లాగి కూర్చోబెట్టొద్దు. బిగించే ముందు కవర్ మీది క్లచ్ లివర్‌ను చేత్తో కదిపి లోపల తగులుతోందా చూడు. బోల్టులు ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించు. 6 మి.మీ. లావుండే ఈ బోల్టుకు (8 నంబరు అన్నది దాని తల కొలత) 10 న్యూటన్ మీటర్ల దరిదాపు చాలు, అంటే టీ స్పానర్‌ను మణికట్టుతోనే తిప్పాలి, భుజం బలం పెట్టకూడదు.

కొత్త ఆయిల్ పోసి రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, ఆపి, కాసేపాగి, డిప్‌స్టిక్‌ను మర తిప్పకుండా ఊరికే దించి కొలత చూడు. హ్యాండిల్ మీది క్లచ్ లివర్ కొస దగ్గర 10 నుంచి 20 మి.మీ. ఆట (వదులు) ఉంచు.

ప్రశ్న: కడప నుంచి రాస్తున్నాను. రిటైరైన టీచర్ని. నా పాత బుల్లెట్‌కు ఎడమ పక్క పెద్ద కవర్ ఎంత బిగించినా ఆయిల్ కారుతోంది, ఏం చెయ్యమంటారు?

జవాబు: మాస్టారూ, ఆ 'ఎంత బిగించినా' దగ్గరే చిక్కు ఉంది. పాత బుల్లెట్ ఎడమ కవర్‌ను పట్టి ఉంచేది మధ్యలో ఒక్కటే నట్టు, కాగితం ప్యాకింగ్ కాదు, చుట్టూ గాడిలో కూర్చునే రబ్బరు. నట్టు మరీ బిగిస్తే కవర్ మధ్యలో లోపలికి వంగి అంచులు పైకి లేస్తాయి, అప్పుడు ఇంకా ఎక్కువ కారుతుంది. కొత్త రబ్బరు వేయించి, గాడి శుభ్రం చేయించి, రబ్బరు ఎక్కడా మెలి పడకుండా చూసి, కవర్ ఆనేంత మేరకే బిగించమనండి. విప్పినప్పుడే లోపల ఇంజిన్ నుంచి క్లచ్‌ను తిప్పే ప్రైమరీ చైను వదులు కూడా సరిచేయించండి, మళ్లీ విప్పే పని తప్పుతుంది. ఆ కవర్ లోపలి గదిలో పొయ్యాల్సిన ఆయిల్ 420 మిల్లీలీటర్లే.