తుపాకీ గాయాల మీద రీసెర్చ్ చేస్తానంటోంది మా అమ్మాయి

పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి రాశారు: "మా అమ్మాయి బరంపురంలో ఎంబీబీఎస్ పూర్తి చేసి హౌస్ సర్జన్సీలో ఉంది. ఈమధ్య క్యాజువాలిటీకి కొండ ఊరి నుంచి నాటు తుపాకీ దెబ్బ తగిలిన కుర్రాణ్ణి తెచ్చారట. వేటకు వెళ్తే, కూడా వచ్చినవాడే అడవి పంది అనుకుని కాల్చాడట. అప్పటి నుంచి సర్జరీ వద్దు, గైనిక్ వద్దు, తుపాకీ గాయాలు జరగకుండా ఆపడం మీద రీసెర్చ్ చేస్తానంటోంది. అమెరికాలో దానికి సెంటర్లున్నాయట. ఇదొక కెరీరేనా? ఆడపిల్ల, తుపాకులు, పోలీసులు అంటే మాకు చాలా టెన్షన్‌గా ఉంది."

అయ్యా, ముందు మీ చివరి భయం సంగతి చెప్తాను. ఈ పనిలో నేరస్థుల వెంట తిరగడం ఉండదు. కేసు షీట్లు, పోస్ట్‌మార్టం రిపోర్టులు, మెడికో లీగల్ రిజిస్టర్లు, ఇంటింటి సర్వేలు, ఆ తర్వాత కంప్యూటర్ ముందు లెక్కలు. మలేరియా మీద పనిచేసే డాక్టరు దోమ ఎక్కడ పెరుగుతోందో వెతుకుతాడు కదా, ఇదీ అలాంటిదే. తుపాకీ ఏ రకం, ఎవరి చేతిలో ఉంది, ఏ వేళప్పుడు పేలింది, అసలు ఇంట్లో ఎందుకుంది, గాయపడ్డాక ఆస్పత్రికి చేరడానికి ఎన్ని గంటలు పట్టింది? ఆ కుర్రాడికి జరిగింది ఖర్మ అని మనం వదిలేస్తాం. మీ అమ్మాయి వదల్లేకపోయింది. అది చిన్న విషయం కాదండీ.

ఈ విద్యకు దారి వేసినవారిలో ముఖ్యుడు విలియం హాడన్ అనే అమెరికా డాక్టరు. రోడ్డు ప్రమాదాలను ఆయన మూడు ముక్కలుగా విడదీసి చూడమన్నాడు: దెబ్బ తగలకముందు, తగిలే క్షణంలో, తగిలాక. ఆ కుర్రాడి సంగతే అలా చూడండి. ముందు: పంటను పందులు పాడుచేస్తుంటే తుపాకీ తప్ప ఇంకో దారి ఉందా, చీకట్లో వెళ్లేవాళ్లు ఒకరికొకరు కనపడే బట్టలు వేసుకున్నారా? ఆ క్షణం: ఎంత దూరం నుంచి కాల్చారు, ఎలాంటి గుళ్లు? తర్వాత: రక్తం ఆపడం పక్కవాళ్లకు తెలుసా, దారిలో ఉన్న చిన్న ఆస్పత్రిలో రక్తం దొరికిందా? ఒక్కో ప్రశ్నా ఒక్కో థీసిస్ అవుతుంది. మన ఆయుధ చట్టం 1959 నాటిది. పంట కాపలాకు మందు కూరి కాల్చే తుపాకీకి లైసెన్సు ఇవ్వొచ్చని అందులోనే ఉంది. కాబట్టి తుపాకులన్నీ లాక్కుంటే సరిపోతుందని ఈ పరిశోధకులు అనరు. ఏది ఎవరికి ఎంత ప్రమాదమో లెక్కతో చెప్తారు.

ఇక అమెరికా సంగతి. అక్కడ 2021లో తుపాకుల వల్ల 48,830 మంది చనిపోయారు. అందులో సగానికి పైగా ఆత్మహత్యలే. మనం సినిమాలు చూసి అన్నీ హత్యలే అనుకుంటాం. ఇంత పెద్ద సమస్య అయినా దాని మీద పరిశోధన చాలా ఏళ్లు డబ్బులేక ఎండిపోయింది. సి.డి.సి. (అక్కడి కేంద్ర ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ) గాయాల నివారణ నిధులను తుపాకీ నియంత్రణ ప్రచారానికి వాడకూడదని 1996లో అక్కడి పార్లమెంటు షరతు పెట్టింది, 26 లక్షల డాలర్లు కోసింది. భయపడి చాలామంది ఆ సబ్జెక్టే వదిలేశారు. 2019 డిసెంబరులో మళ్లీ 2.5 కోట్ల డాలర్లు వచ్చాయి. మిషిగన్, జాన్స్ హాప్కిన్స్, డేవిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఇప్పుడు దీనికోసమే సెంటర్లున్నాయి. కానీ 2025లో అదే సి.డి.సి. గాయాల విభాగంలో బోలెడు ఉద్యోగాలు ఊడాయి. ఒక ప్రభుత్వం ఇచ్చింది ఇంకో ప్రభుత్వం తీసేయగలదు.

అందుకే నా సలహా ఒక్కటే. మీ అమ్మాయి "తుపాకీ పరిశోధకురాలు" కావాలని చదవొద్దు, గాయాల ఎపిడెమియాలజిస్టు, అంటే గాయాలు ఎవరికి, ఎందుకు, ఎంత తరచుగా అవుతున్నాయో లెక్కతో తేల్చే డాక్టరు కావాలని చదవాలి. పని నేర్చుకుంటే తుపాకీ, పురుగుమందు, రోడ్డు ప్రమాదం, నీట మునగడం, కాలిన గాయాలు అన్నింటికీ అదే పని పనికొస్తుంది. శ్రీలంకనే చూడండి. బాగా విషపూరితమైన పురుగుమందులను వరసగా నిషేధించాక, 1995 తర్వాతి 20 ఏళ్లలో అక్కడ ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. మనుషుల కష్టాలు తీరిపోయి కాదు. ఆ గడ్డుక్షణంలో చేతికి అందేది ప్రాణం తీసేంత విషం కాకపోవడం వల్ల. ఇంట్లో తుపాకీ విషయంలోనూ లెక్క ఇదే.

దారి ఎలాగంటారా? నీట్ పీజీ రాసి కమ్యూనిటీ మెడిసిన్‌లో (జనం మొత్తం ఆరోగ్యాన్ని చూసే విభాగం) ఎం.డి. చేయడం అన్నిటికన్నా గట్టి దారి. మూడేళ్లు, స్టైపెండ్ వస్తుంది, తర్వాత మెడికల్ కాలేజీలో ఉద్యోగానికి అర్హత ఉంటుంది. పరిశోధనకు గ్రాంటు రాకపోయినా జీతం ఆగదు. చేరేముందు బాండు (చదువయ్యాక ప్రభుత్వ సేవ చేయాలనే ఒప్పందం) షరతులు మాత్రం పూర్తిగా చదవండి. రెండో దారి రెండేళ్ల ఎం.పి.హెచ్., అంటే ప్రజారోగ్యంలో మాస్టర్స్ డిగ్రీ. భువనేశ్వర్, హైదరాబాదుల్లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ ఉంది. బెంగళూరు నిమ్‌హాన్స్ గాయాల నివారణలో ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి పనిచేస్తోంది. అమెరికాకు వెళ్లాలంటే పీహెచ్‌డీకి వెళ్లనివ్వండి. అక్కడ పీహెచ్‌డీకి సాధారణంగా ఫీజు ఉండదు, స్టైపెండ్ ఇస్తారు. ఎం.పి.హెచ్. ఖర్చు మాత్రం చాలావరకు మన నెత్తినే పడుతుంది. దానికోసం ఇల్లో పొలమో తాకట్టు పెట్టొద్దు. ఈ మాట గట్టిగానే చెప్తున్నాను.

జీతం విషయంలో దాచను. ప్రాక్టీసు పెట్టిన సర్జన్ సంపాదన ఇందులో రాదు. పీహెచ్‌డీ, ఆ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం (పోస్ట్‌డాక్) కలిపి ఏడెనిమిదేళ్లు కూడా పట్టొచ్చు. పెళ్లి మాట ఎలాగూ ఇంట్లో వస్తుంది కాబట్టి, ఆ ఏళ్ల గురించి ఆమెతో ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి.

కానీ ఆమెకు ఉన్న బలం ఢిల్లీలో చదివినవాళ్లకు లేదు. ఇంట్లో తెలుగు, కాలేజీలో ఒడియా. కొండల్లోని గిరిజనులు మాట్లాడే సవర భాష కూడా కాస్త నేర్చుకుంటే ఆ కొండ ఊళ్లలో ఆమెతో మాట్లాడతారు. లైసెన్సు లేని తుపాకీ గురించి తెలియని భాషలో అడిగితే ఎవరు నిజం చెప్తారు? గిడుగు రామమూర్తిగారు మీ ఊళ్లోనే పాఠాలు చెప్తూ, సవరలతో మాట్లాడటానికి ముందు వాళ్ల భాష నేర్చుకున్నారు. ఆ తర్వాతే మిగతా పని.

హౌస్ సర్జన్సీ అయ్యేలోపే ఒక పని మొదలుపెట్టమనండి. కమ్యూనిటీ మెడిసిన్, ఫోరెన్సిక్ విభాగాల ప్రొఫెసర్లను కలిసి, ఎథిక్స్ కమిటీ అనుమతితో, గత కొన్నేళ్లలో తమ ఆస్పత్రికి వచ్చిన తుపాకీ గాయాల కేసు షీట్లు తీయాలి. పేర్లు వదిలేసి వయసు, ఊరు, తుపాకీ రకం, చేరడానికి పట్టిన సమయం రాసుకోవాలి. ఆ పాత రిజిస్టర్లతో ఆరు నెలలు కూర్చున్నాక కూడా ఇదే కావాలంటే ఆమెను ఆపొద్దు. ఈలోగా మీరు చేయాల్సింది కూడా ఒకటుంది. మీ ఊరి సంతకు వచ్చేవాళ్లలో సవర నేర్పేవాళ్లెవరైనా ఉన్నారేమో కనుక్కోండి.