పాట పుట్టుక – మీ ప్రశ్నలు: ‘ఎట్ లాస్ట్’

ప్రశ్న: ‘ఎట్ లాస్ట్’ అనే ఇంగ్లిష్ పాటను అమెరికన్ గాయని ఎటా జేమ్స్ పాట అంటారు. గ్లెన్ మిల్లర్ బృందం రికార్డు అంతకంటే పాతది కదా! అసలు ఏ సినిమా కోసం రాశారు?

జవాబు: బాణీ హ్యారీ వారెన్‌ది, సాహిత్యం మ్యాక్ గోర్డన్‌ది. 1941లో గ్లెన్ మిల్లర్ బృందంతో వచ్చిన ‘సన్ వ్యాలీ సెరెనేడ్’ సినిమా కోసం కట్టారు. తెరమీద నటులు జాన్ పేన్, లిన్ బారీ పాడినట్టు రికార్డు చేశారు కూడా. బారీకి గొంతు అరువిచ్చింది ప్యాట్ ఫ్రైడే. తీరా సినిమా విడుదలయ్యేసరికి మాటలు ఎగిరిపోయాయి, బాణీ మాత్రం వాద్యాల మీద వినిపిస్తుంది. ఇంత చక్కని పాటను పక్కన పెట్టడం అన్యాయమే. మరుసటి ఏడాది అదే స్టూడియో, అదే బృందంతో తీసిన ‘ఆర్కెస్ట్రా వైవ్స్’లో దానికి మళ్లీ చోటు దొరికింది. అందులో బృందం గాయకుడు రే ఎబర్లీ పాడాడు; తెరమీద బారీ, వెనక గొంతు మళ్లీ ప్యాట్ ఫ్రైడేదే. అందుకే కొన్ని జాబితాల్లో 1941, కొన్నింటిలో 1942 కనిపిస్తాయి. పాట రాసింది మొదటి సినిమాకు, విడుదలైన సినిమాలో మాటలతో వినిపించింది రెండోదాంట్లో.

ప్రశ్న: మిల్లర్, ఎటా జేమ్స్ రికార్డులు రెండూ పక్కపక్కన పెట్టి వింటే వేర్వేరు పాటల్లా ఉన్నాయి. బాణీ మార్చారా?

జవాబు: లేదు. 32 బార్ల (బార్ అంటే ఒక తాళావర్తం లాంటిది) కట్టుబడి అదే: ఎనిమిది బార్ల వరస రెండుసార్లు, మధ్యలో వేరే ఎనిమిది, చివర మొదటి వరస. మారింది నడక, వాద్యం. మిల్లర్‌ది డాన్సు బృందం. ముందు వాద్యాలు బాణీ వినిపించాక గాయకుడు అందుకుంటాడు. పది అంగుళాల 78 రికార్డు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు గ్రామఫోన్ రికార్డు) ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలే కాబట్టి గాయకుడి వాటా చిన్నది. ఆ బృందం ప్రత్యేకమైన నాదానికి కిటుకు ఒకటుంది: క్లారినెట్ పైన నడుస్తుంటే, టెనర్ సాక్సోఫోన్ అదే బాణీని ఒక స్థాయి కింద వాయిస్తుంది, మిగతా సాక్సోఫోన్లు నడుమ స్వరాలు నింపుతాయి. 1960 నాటి ఎటా జేమ్స్ రికార్డులో రైలీ హాంప్టన్ కూర్చిన వయొలిన్లు ముందు వస్తాయి. ప్రతి దెబ్బా మూడుగా విడిపోయే తిస్ర నడకలో గొంతే పాటనంతా మోస్తుంది. దెబ్బకు మూడు చొప్పున వేలితో లెక్కపెడుతూ వినండి, తేడా వెంటనే తెలుస్తుంది.

ప్రశ్న: దీనికి ఆస్కార్ వచ్చిందా?

జవాబు: నామినేషన్ కూడా లేదు. రెండు సినిమాల్లోనూ హుషారు పాటలే నామినేషన్ దాకా వెళ్లాయి: మొదటిదాంట్లో ‘చట్టనూగా చూ చూ’, రెండోదాంట్లో ‘కలమజూ’. 78 రికార్డులో కూడా ‘కలమజూ’ మొదటి వైపు, ‘ఎట్ లాస్ట్’ వెనక వైపు. 1941 పాటల ఆస్కార్ ‘ద లాస్ట్ టైమ్ ఐ సా ప్యారిస్’కు దక్కింది. అది సినిమా కోసం రాసిన పాటే కాదు. స్వరకర్త జెరోమ్ కెర్న్‌కే అది సబబుగా తోచలేదు. ఆ తర్వాత, సినిమా కోసమే రాసిన పాటకే అర్హత అని నియమం మార్చారు. 1942లో ‘కలమజూ’ను ‘వైట్ క్రిస్మస్’ ఓడించింది.