మధ్యధరా తీరాన అక్కడివాళ్లలా తిరగాలంటే? పలెర్మోలో నా అనుభవం

పది రోజుల్లో ఇటలీ, గ్రీస్, స్పెయిన్ చుట్టేయాలి, కానీ టూరిస్టుల్లా కాకుండా స్థానికుల్లా చూడాలి, ఎలా అని అడిగారు. ఆ రెండూ ఒకేసారి కుదరవు. పది రోజులే ఉంటే ఒక్క ఊరు పట్టుకోండి. నన్నడిగితే ఇటలీలోని సిసిలీ దీవిలో ఉన్న పలెర్మో. మిలాన్‌లో ఉద్యోగం కాబట్టి వీలు దొరికినప్పుడల్లా అక్కడికి వెళ్తుంటాను.

ముందు ఆ ఊరి టైమింగ్స్‌కి అలవాటు పడాలి. పొద్దున్నే సంత. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే చిన్న షాపులు చాలావరకు షట్టర్లు దించేస్తాయి, మళ్లీ నాలుగు తర్వాతే. సాయంత్రం ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది. రాత్రి భోజనం ఎనిమిది తర్వాత. కొత్తగా వచ్చినవాళ్లు సరిగ్గా ఎండ మాడ్చేసే వేళలో తిరిగి, జనం బయటికొచ్చే టైమ్‌కి అలసిపోయి రూమ్‌లో పడుకుంటారు. మధ్యాహ్నం హాయిగా నిద్రపోండి, అక్కడ అది సోమరితనం కాదు.

పొద్దున బల్లారో సంతకి వెళ్లండి. అమ్మేవాళ్లు రాగం తీసి అరుస్తుంటారు, ఆ కేకలు వినడానికైనా వెళ్లాలి. కూరగాయలూ పండ్లూ మీ చేత్తో ఏరకండి, చూపిస్తే వాళ్లే తీసిస్తారు. శాకాహారులకి పనెల్లె పెద్ద వరం. శనగపిండిని నీళ్లలో ఉండ కట్టకుండా తిప్పుతూ దగ్గరపడేదాకా ఉడికించి, పలచగా పరిచి, ఆరాక ముక్కలు కోసి నూనెలో వేయిస్తారు. పైన నువ్వులున్న మెత్తటి బ్రెడ్‌లో నాలుగైదు పెట్టి, నిమ్మకాయ పిండి ఇస్తారు. బజ్జీల బండి దగ్గరలాగే నిలబడి వేడివేడిగా తినేయాలి, చల్లారితే ఆ రుచి రాదు. స్ఫించోనె అనే మందపాటి పిజ్జా కూడా అమ్ముతారు గానీ అందులో సాధారణంగా ఆంచొవీ చేపలు వేస్తారు, అరంచీనాల్లోనూ (నూనెలో వేయించిన అన్నం ఉండలు) ఎక్కువ రకాల్లో మాంసం ఉంటుంది. అడిగి తీసుకోండి. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగండి, కూర్చుంటే చాలాచోట్ల రేటు పెరుగుతుంది.

చూడాల్సినవి చాలా ఉన్నాయి, కానీ ఒక్కటే చూసే టైముంటే నార్మన్ రాజభవనంలోని కపెల్లా పలాతీనా అనే ప్రార్థనా మందిరం చూడండి. రాజు రెండో రోజర్ కట్టించాడు, 1140లో ప్రతిష్ఠ జరిగింది. గోడల మీద బైజాంటైన్ శైలి బంగారు మొజాయిక్‌లు (చిన్న చిన్న ముక్కలు అతికి చేసిన బొమ్మలు), తల ఎత్తితే అరబ్ శైలిలో తేనెపట్టు గదుల్లా చెక్కిన కొయ్య పైకప్పు. దాని మీద వాద్యాలు వాయించేవాళ్ల బొమ్మలూ అరబిక్ రాతలూ ఉన్నాయి. ఒక క్రైస్తవ రాజు తన ప్రార్థనా మందిరానికి ఈ కప్పు వేయించుకున్నాడన్న విషయం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. గబగబా ఫొటోలు తీసుకుని వచ్చేయకండి, మెడ నొప్పెట్టేదాకా చూడండి. భుజాలు కప్పే బట్టలు వేసుకెళ్లాలి.

బీచ్ అంటే పలెర్మో వాళ్లకి మొండెల్లో. రెండు కొండల మధ్య తెల్లటి ఇసుక, లోతు తక్కువ నీళ్లు. సిటీ నుంచి 806 నంబర్ బస్సు వెళ్తుంది. టికెట్ తబాక్కీ షాపులో (పొగాకు, సిగరెట్లు అమ్మే కొట్టు) ముందే కొని, ఎక్కగానే మెషీన్‌లో పంచ్ చేయాలి, లేకపోతే ఫైన్. గొడుగులూ కుర్చీలూ అద్దెకిచ్చే లీడోలు కాకుండా ఉచితంగా కూర్చునే భాగం కూడా ఉంటుంది, తువ్వాలు పరుచుకుంటే చాలు. ఆగస్టు ఆదివారాల్లో మాత్రం వెళ్లకండి, కాలు పెట్టడానికి చోటుండదు. సెప్టెంబర్‌లో వెళ్తే నీళ్లు వెచ్చగానే ఉంటాయి, రద్దీ తగ్గుతుంది.

ఇంకో రోజుంటే లోకల్ ట్రైన్‌లో చెఫలూ వెళ్లండి, గంట ప్రయాణం. పాత ఊరి పక్కనే బీచ్. అక్కడి కెథీడ్రల్ కూడా 1131లో రోజర్ మొదలుపెట్టిందే.

జూలైలో వెళ్లేటట్టయితే 14వ తేదీ రాత్రికి పలెర్మోలోనే ఉండేలా ప్లాన్ చేసుకోండి. ఆ ఊరిని కాచే సెయింట్ సాంతా రొసాలియా జాతర అది. 1624లో ప్లేగు వచ్చినప్పుడు ఆమే ఊరిని కాపాడిందని వాళ్ల నమ్మకం. పెద్ద రథాన్ని పాత ఊరి మధ్య నుంచి సముద్రం దాకా లాక్కెళ్తారు, క్వాత్రో కాంతీ కూడలిలో మేయర్ రథమెక్కి పూలు పెట్టి జేజేలు కొట్టిస్తాడు, అర్ధరాత్రి బాణసంచా కాలుస్తారు. ఆ వారం రూములకి గిరాకీ ఎక్కువ, ముందే బుక్ చేసుకోండి.