పాత చైన్‌సా రేజ్ చేయగానే ఆగిపోతోంది

ప్రశ్న: నా పాత పెట్రోల్ చైన్‌సా స్టార్ట్ అవుతుంది, ఐడిలింగ్‌లో బాగానే ఉంటుంది, కానీ రేజ్ చేయగానే ఆగిపోతోంది. కార్బురేటర్ మీద హెచ్ స్క్రూ (ఎక్కువ వేగంలో పెట్రోల్ సర్దేది) కాస్త బిగిస్తే శబ్దం గట్టిగా, వేగంగా వస్తోంది. అలాగే వాడొచ్చా?

జవాబు: వద్దండీ, దయచేసి ఆ స్క్రూ వెంటనే వెనక్కి తిప్పండి. బిగించేకొద్దీ పెట్రోల్ తగ్గి గాలి పెరుగుతుంది, పెట్రోల్‌లో కలిపిన ఆయిల్ తప్ప లోపల వేరే ఆయిల్ ఉండదు కాబట్టి అదీ తగ్గి, ఇంజన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. ఆ గట్టి శబ్దం మంచి సూచన కాదు.

అసలు స్క్రూల జోలికి వెళ్లే ముందు ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయండి, ట్యాంకులోని ఫ్యూయల్ ఫిల్టర్ మార్చండి, పెట్రోల్ పైపు పగిలిందేమో చూడండి. పాత మెషిన్లలో సగం గొడవ ఆ పైపుదే. నెలల తరబడి నిల్వ ఉన్న పెట్రోల్ పారబోయకుండా సురక్షితంగా వదిలించుకుని కొత్తది కలపండి. 50:1 అని రాసి ఉంటే లీటరుకు 20 మి.లీ. టూస్ట్రోక్ ఆయిల్.

ఇంజన్ వేడెక్కాక ఎల్ స్క్రూ (తక్కువ వేగంలో పెట్రోల్ సర్దేది) కొద్దికొద్దిగా వదులు చేస్తూ, రేజ్ చేస్తే తడబడకుండా అందుకునే చోట ఆపండి. ఐడిలింగ్‌లో చైన్ అస్సలు తిరగకూడదు, తిరిగితే ఐడిల్ స్క్రూ తగ్గించండి. హెచ్ స్క్రూ మాత్రం, ఖాళీగా ఫుల్ రేజ్‌లో ఉన్నప్పుడు శబ్దం కాస్త గరగరలాడి, కోతలో పడగానే సాఫీ అయ్యేలా పెట్టుకోండి. టాకోమీటర్ (ఇంజన్ వేగం చూపే మీటర్) దొరికితే మాన్యువల్‌లోని గరిష్ఠ వేగం దాటలేదని చూసుకోవడం ఇంకా మంచిది.