ఒంటెల దగ్గర పని.. వేళ్లపై పొక్కులు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి దగ్గర పల్లె. మావారు కువైట్‌లో ఒంటెలను మేపుతారు. సెలవుపై వచ్చి వారమైంది. రెండు వేళ్లపై పొక్కులు లేచాయి. అక్కడి ఒంటెలకూ మూతి చుట్టూ ఇలాంటివే ఉన్నాయట. అమ్మవారు పోసిందని మా అత్తగారు వేపాకు నూరి కడుతున్నారు, ఆసుపత్రికి వద్దంటున్నారు. పిల్లలకు, గేదెలకు అంటుకుంటుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ అత్తగారి అనుమానాన్ని పూర్తిగా కొట్టిపారేయలేనమ్మా. ఒంటెలకు వచ్చే ఈ క్యామెల్‌పాక్స్ వైరస్, ఒకప్పటి మశూచి వైరస్‌కు దగ్గరి చుట్టమే. గుణం మాత్రం వేరు. మనుషులకు సోకడమే అరుదు, సోకినా సాధారణంగా చేతుల దగ్గరే ఆగుతుంది. 2009లో రాజస్థాన్‌లో ఒంటెల కాపరులకు ఇలాగే చేతులపై, వేళ్లపై పొక్కులు వస్తే, కారణం ఈ వైరసేనని పరీక్షల్లో తేలింది. జబ్బు ఒంటె మూతినో పొదుగునో తాకినప్పుడు, చర్మం గీరుకుపోయిన చోటు నుంచి లోపలికి పోతుంది. ఒంటెల్లోనైతే సోకిన 9 నుంచి 13 రోజులకు బయటపడుతుంది. కాబట్టి ఇంటికి వచ్చాక పొక్కులు లేచినా అక్కడే అంటి ఉండవచ్చు.

అయినా చూడకుండా ఇదేనని నేను చెప్పను. నొప్పి లేకుండా మధ్యలో నల్లగా మాడినట్టు పుండు పడితే ఆంత్రాక్స్ అనే ప్రమాదకరమైన జబ్బు కావచ్చు, దానికి ఆలస్యం పనికిరాదు. ఒంటి మీద వేరే చోట్ల కూడా పొక్కులుంటే ఎంపాక్స్‌నూ (మంకీపాక్స్) అనుమానించాలి. చర్మవ్యాధుల నిపుణుడికి చూపిస్తే పొక్కు మీది పెచ్చును పరీక్షకు పంపుతారు.

క్యామెల్‌పాక్స్ అయితే ప్రత్యేకమైన మందు అక్కర్లేకుండానే తగ్గుతుంది. సబ్బుతో కడిగి, ఆరనిచ్చి, పొడి గుడ్డ కట్టండి. పొక్కులు చిదమవద్దు. వేపాకు నీళ్లతో కడిగితే అభ్యంతరం లేదు కానీ, తడి ముద్ద కట్టి ఉంచితే చీము పడుతుంది. మందుల షాపులో అడిగి తెచ్చే స్టెరాయిడ్ పూత అంతకన్నా చేటు.

మనిషి నుంచి మనిషికి పాకిన దాఖలాలు లేవు. ఐనా 1980 ప్రాంతంలో మశూచి టీకాలు ఆగిపోయాయి కనుక పిల్లలకు ఆ రక్షణ లేదు. పెచ్చులు రాలేదాకా తువ్వాలు, దుప్పటి వేరుగా ఉంచండి. గేదెల విషయంలో దిగులు వద్దు, వాటికి వచ్చే పొక్కుల వైరస్ వేరు. పాలు పితికే పని మాత్రం ఆయనకు అప్పగించవద్దు.

పొక్కుల కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది మరొకటి. ఒంటెల నుంచి మెర్స్ అనే ఊపిరితిత్తుల జబ్బు కూడా వస్తుంది. ఆయన ఇంటికి వచ్చిన 14 రోజుల్లోపు జ్వరం, దగ్గు, ఆయాసం కనిపిస్తే మాస్కు పెట్టించి వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. కువైట్‌లో ఒంటెల దగ్గర పనిచేసి వచ్చారని ఆసుపత్రి డాక్టరుకు ముందే చెప్పండి.