పాఠకుల ప్రశ్నలు: జేబులో ఇమిడే పిస్టల్ చేతిలో ఇముడుతుందా?

అమెరికాలో ఉంటున్న పాఠకులు, ముఖ్యంగా టెక్సస్ వాళ్లు, చిన్న పిస్టళ్ల గురించి అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: మాకు ఇండియన్ గ్రాసరీ షాపు ఉంది. రాత్రి పదింటికి కట్టేసి నగదుతో ఇంటికెళ్తాను. గ్రీన్ కార్డు ఉంది. జేబులో పట్టే .380 (ఇది తూటా సైజు పేరు) పిస్టల్ కొందామని షూటింగ్ రేంజ్‌లో ఒకటి అద్దెకు తీసుకుని 50 తూటాలు కాల్చాను. 7 గజాల నుంచే దెబ్బలన్నీ కిందికీ ఎడమకీ పడ్డాయి. రెండుసార్లు ఇరుక్కుపోయింది కూడా. లోపం పిస్టల్‌దా, నాదా? (ఫ్రిస్కో)

జవాబు: దెబ్బలు తప్పడం చాలావరకు చేతి వల్లే. ఇరుక్కోవడం ఎవరి వల్లో తేల్చుకునే మార్గం ఉంది.

ముందు బరువు సంగతి. ఈ తరగతిలో బాగా అమ్ముడయ్యే రూగర్ ఎల్‌సీపీ మ్యాక్స్ ఖాళీగా 10.6 ఔన్సులు, అంటే 300 గ్రాములు. ట్రిగ్గర్ లాగడానికి రెండున్నర కిలోలకు అటూ ఇటూ బలం పెట్టాలి. వస్తువు బరువు కంటే దాన్ని లాగే బలం ఎనిమిది రెట్లు! వేలు లాగుతుంటే మిగతా మూడు వేళ్లూ తెలియకుండానే బిగుసుకుంటాయి, గొట్టం మూతి వంగుతుంది. కుడిచేతి వాటం వాళ్లకు అది కిందికి, ఎడమకు. 500 గ్రాముల సిగ్ పీ365లో ఇదే తప్పు జరిగినా ఇంతగా బయటపడదు. చిన్నదైతే కాల్చడం తేలిక అని దుకాణంలో ఎవరైనా చెబితే నమ్మకండి. మోయడం తేలిక, కాల్చడం కష్టం.

నిర్ధారణకు ఇలా చేయండి. మ్యాగజైన్‌లో నాలుగు అసలు తూటాలు, రెండు స్నాప్ క్యాప్‌లు (ఇవి ఉత్తుత్తి తూటాలు) కలిపి పక్కవాళ్లను నింపమనండి. ఏది ఎప్పుడొస్తుందో మీకు తెలియకూడదు. ఉత్తుత్తిది వచ్చినప్పుడు పేలదు కానీ, మూతి టక్కున కిందికి వాలుతుంది. అదే మీ తప్పు, కళ్లెదుటే కనబడుతుంది. మందు కూడా అదే: ఇంట్లో అసలు తూటాలన్నీ వేరే గదిలో పెట్టేసి, తూటా కూర్చునే చాంబర్ ఖాళీ అని కంటితో చూసి, వేలు పెట్టి తడిమి, స్నాప్ క్యాప్‌తో రోజూ పది నిమిషాలు. అమెరికా ఇళ్ల లోపలి గోడలు తూటాను ఆపవు కాబట్టి గురి మాత్రం ఇటుకల వైపో, పుస్తకాల బీరువా వైపో ఉండాలి. పట్టు చిన్నది కనుక వేలు ట్రిగ్గర్ లోపలికి రెండో కణుపు దాకా జారిపోతుంది. మొదటి కణుపు మెత్తటి భాగమే ఆనాలి.

ఇక ఇరుక్కోవడం. స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జారే భాగం) వెనక్కి పూర్తిగా పోవాలంటే కింది చట్రం కదలకుండా నిలబడాలి. మణికట్టు వదులైతే చట్రం కూడా స్లైడ్‌తో పాటే వెనక్కి పోతుంది, స్లైడ్ సగంలోనే తిరిగొస్తుంది, ఖాళీ గుల్ల తను బయటపడాల్సిన కిటికీలోనే పొగగొట్టంలా నిలబడుతుంది. ఎక్కువ బరువున్న పిస్టల్ ఈ వదులుతనాన్ని భరిస్తుంది, ఇది భరించదు. ఎడమ బొటనవేలు స్లైడ్‌ను రాసుకున్నా ఇంతే. అదే పిస్టల్‌ను, అదే పెట్టెలోని తూటాలతో రేంజ్ ఆఫీసరును ఒక మ్యాగజైన్ కాల్చమనండి. ఆయన చేతిలో సాఫీగా నడిస్తే తప్పు మీ పట్టుది. ఆయనకూ ఇరుక్కుంటే పిస్టల్‌దో, మ్యాగజైన్‌దో, తూటాదో. కొత్త తూటా ముక్కు పైకెత్తి ఆగిపోతే మ్యాగజైన్‌నూ తూటా ఆకారాన్నీ అనుమానించాలి. టిక్కుమని ఊరుకుంటే మాత్రం తొందరపడొద్దు. మూతి టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగి, ఆ తర్వాతే తూటా బయటికి తీయండి.

ప్రశ్న: కొన్నాక జేబులో పెట్టుకోవడానికి ముందు ఎన్ని తూటాలు కాల్చి చూడాలి? హాలో పాయింట్ తూటాలు (ముక్కులో గుంట ఉండి, తగిలాక విచ్చుకునేవి) తప్పనిసరా? (హ్యూస్టన్)

జవాబు: ముందు ఫ్యాక్టరీ గ్రీజు తుడిచి, స్లైడ్ జారే పట్టాలకు తలా ఒక చుక్క నూనె వేయండి. మామూలు గుండ్రటి ముక్కు తూటాలు 200, తర్వాత మీరు జేబులో ఉంచుకోబోయే రకం 50. రెండు మ్యాగజైన్లుంటే వాటిమీద 1, 2 అని గీసి పెట్టుకోండి. ఇరుక్కున్న ప్రతిసారీ ఏ మ్యాగజైన్, ఎన్నో తూటా, ఎలా ఆగింది రాసుకోవాలి. కొత్త స్ప్రింగ్ గట్టిగా ఉంటుంది కనుక తొలి 50లో ఒకటీ అరా క్షమించవచ్చు. ఆ తర్వాత కూడా ఆగుతుంటే, పట్టు సరిగ్గా ఉందనుకుంటే, కంపెనీకి పంపాల్సిందే. ఒకే రోజున 200 కాల్చేయకండి. ఇంత తేలికైన పిస్టల్‌తో 60 దాటాక అరచేయి మంటెత్తి, తర్వాతివన్నీ ఉలికిపాటు నేర్పుతాయి.

దూరం 3, 5, 7 గజాలు చాలు. ఎ4 కాగితం పెట్టి, 3 గజాల నుంచి ఐదు దెబ్బలు మూడు సెకన్లలో, 7 గజాల నుంచి తీరిగ్గా. ఐదూ కాగితం మీదే ఉండాలి.

హాలో పాయింట్ గురించి ఆశలు కొంచెం తగ్గించుకోవాలి. .380 ఏసీపీ జాన్ బ్రౌనింగ్ రూపొందించగా 1908లో కోల్ట్ తెచ్చినది. తూటా మొన 90, 95 గ్రెయిన్లు, అంటే సుమారు 6 గ్రాములే. ఎఫ్‌బీఐ పరీక్షలో ఒంటి కండకు బదులుగా వాడే జెలటిన్ దిమ్మలోకి 12 నుంచి 18 అంగుళాలు దిగాలి. పొట్టి గొట్టం నుంచి వచ్చే .380 విచ్చుకుంటే తరచూ 12 దాకా దిగదు. జీన్స్ గుడ్డ ముక్కు గుంటలో కూరుకుపోతే విచ్చుకోకుండా లోతుగా దూసుకుపోతుంది. డబ్బా మీది బొమ్మ చూసి కాదు, మీ పిస్టల్‌లో 50కి 50 పేలిన రకం చూసి ఎంచుకోండి. ఒకే తూటాను రోజూ చాంబర్‌లోంచి తీసి మళ్లీ పెట్టడం వల్ల మొన గుల్లలోకి కూరుకుపోయి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. కొత్తదాని పక్కన నిలబెట్టి పోల్చండి, పొట్టిగా కనిపిస్తే కాల్చకుండా పక్కన పెట్టేయండి.

ప్రశ్న: ప్యాంటు జేబులో నేరుగా పెట్టుకోవచ్చా, కవర్ కావాలా? (ఆస్టిన్)

జవాబు: నేరుగా ఎప్పుడూ వద్దు. ట్రిగ్గర్ గార్డును పూర్తిగా కప్పే జేబు హోల్‌స్టర్ ఉండాలి. బయటివైపు గరుకుగా ఉంటే, పిస్టల్ తీసినప్పుడు అది జేబులోనే నిలిచిపోతుంది. ముందు జేబు, పిస్టల్ ఒక్కటే. తాళాలు, చిల్లర, ఫోన్ ఏవీ ఆ జేబులో ఉండకూడదు.

ఖాళీ పిస్టల్‌తో తీయడం సాధన చేస్తే ఒకటి వెంటనే అర్థమవుతుంది: పిడికిలి బిగిస్తే చేయి జేబులోంచి రాదు. అరచేయి బల్లపరుపుగా దించి, బొటనవేలు స్లైడ్ వెనక ఆనించి తీస్తే వస్తుంది. కారులో బెల్టు పెట్టుకుని కూర్చుని ఒకసారి ప్రయత్నించండి. దాదాపు అసాధ్యం. రోజులో మూడొంతులు స్టీరింగ్ ముందు గడిపేవారికి జేబు పద్ధతి పనికిరాదు. తిరిగి పెట్టేటప్పుడు ముందు హోల్‌స్టర్ బయటికి తీసి, అందులో పిస్టల్ దించి, అప్పుడు రెండూ కలిపి జేబులోకి.

జేబులో నూగు బాగా చేరుతుంది. వారానికోసారి ఖాళీ చేసి, విప్పి, గొట్టంలోకి వెలుతురు పట్టి చూడండి. టెక్సస్ ఎండల్లో చెమటకు స్లైడ్ అంచుల్లో ఎర్రటి చుక్కలు పడతాయి. రాత్రి ఇంటికి రాగానే నూనె గుడ్డతో ఒక తుడుపు. ఆ వెంటనే తాళం పెట్టెలోకి. 17 ఏళ్లలోపు పిల్లలకు అందేలా నింపిన తుపాకీ వదిలేయడం టెక్సస్‌లో నేరం కూడా.

ప్రశ్న: లైసెన్సు లేకుండానే పెట్టుకోవచ్చంటున్నారు, నిజమేనా? (డాలస్)

జవాబు: అర్హులైతే, 21 నిండితే, 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో నిజమే. అయినా ఎల్‌టీసీ (తుపాకీ వెంట ఉంచుకునే టెక్సస్ లైసెన్సు) తీసుకోమనే మా సలహా. అది ఉంటే చాలా రాష్ట్రాలు గుర్తిస్తాయి, స్కూళ్ల చుట్టూ 1000 అడుగుల ఫెడరల్ నిబంధన నుంచి మినహాయింపు దొరుకుతుంది. కాల్చే పరీక్ష 50 తూటాలు: 3 గజాల నుంచి 20, 7 నుంచి 20, 15 నుంచి 10. 250కి 175 వస్తే చాలు. ఆ 15 గజాల పదీ జేబు పిస్టల్‌తో ఏడిపిస్తాయి, పరీక్షకు పెద్దది అద్దెకు తీసుకోండి. ఎరుపు రంగు 51 శాతం బోర్డున్న (ఆదాయంలో అంత వాటా మద్యానిదే అని అర్థం) బార్లోకి, పోస్టాఫీసులోకి తీసుకెళ్లకూడదు. గుడి గుమ్మం దగ్గర 30.06 బోర్డుంటే (లైసెన్సున్నా దాచిన తుపాకీతో రావద్దని చెప్పే బోర్డు) అక్కడికీ అంతే.

ప్రశ్న: మా ఆవిడ చేతికి స్లైడ్ వెనక్కి రావట్లేదు. (శాన్ ఆంటోనియో)

జవాబు: లాగొద్దు, తోయమనండి. ఎడమ అరచేతితో స్లైడ్‌ను పైనుంచి గుప్పెట పట్టి పొట్ట దగ్గర నిలిపి, కుడిచేత్తో చట్రాన్ని ముందుకు నెట్టాలి. మూతి మాత్రం టార్గెట్ వైపే. అలా కూడా రాకపోతే స్మిత్ అండ్ వెసన్ 380 షీల్డ్ ఈజెడ్ ప్రయత్నించండి. జేబులో పట్టదు కానీ స్లైడ్ చాలా తేలిక. ఐదు తూటాల తేలికపాటి .38 రివాల్వర్ చూపిస్తారు దుకాణంవాళ్లు, స్లైడే ఉండదని. దాని తన్ను మాత్రం .380 కంటే గట్టిది.

ప్రశ్న: నాది ఎఫ్‌-1, ఓపీటీలో ఉన్నాను. లాంగ్ వీకెండ్‌కి రూమ్మేట్లు రేంజ్‌కి పిలుస్తున్నారు. కొనను, ఊరికే కాల్చి చూస్తా. (డెంటన్)

జవాబు: వద్దు. ఎఫ్‌-1, హెచ్‌-1బీ, హెచ్‌-4, ఎల్‌-1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. అద్దె పిస్టల్ చేతిలోకి తీసుకోవడం కూడా అందులోకే వస్తుంది. 2022 సవరణ తర్వాత శిక్ష 15 ఏళ్ల దాకా. రాష్ట్రం ఇచ్చే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది నిజమే. కానీ దాని వివరాలు లాయరును అడగకుండా, స్నేహితుడి మాట మీద వెళ్లి ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో పెట్టకండి.

ప్రశ్న: సంక్రాంతికి హైదరాబాద్ వస్తున్నాం. పిస్టల్ ఇంట్లోనే పెట్టి వస్తాం. ఇంకేమైనా జాగ్రత్త? (కేటీ)

జవాబు: బ్యాగు. రేంజ్‌కి వాడిన బ్యాక్‌ప్యాక్ అసలు తేవద్దు. అడుగున కుట్టు మడతలో ఒక్క తూటా మిగిలినా, అమెరికా విమానాశ్రయంలో జరిమానాతో పోయేది భారత్‌లో 1959 ఆయుధాల చట్టం కింద కేసవుతుంది. తిరుగు విమానం తప్పినవాళ్లూ ఉన్నారు. వేరే బ్యాగు లేకపోతే జిప్పులన్నీ తీసి, తలకిందులు చేసి దులిపి, లోపలి గుడ్డ వేళ్లతో నొక్కి చూడండి. జాకెట్ జేబులు కూడా.