హాస్టల్ నుంచి ఊరొచ్చాక నిద్ర పట్టట్లేదా? ముందు లేచే వేళ పట్టుకో

తమ్ముడూ, ఊరొచ్చాక తెల్లవారుజాము దాకా నిద్ర రావట్లేదనీ, ఆన్‌లైన్ క్లాసు వింటుంటే ఏడుపొస్తోందనీ రాశావు. అది నీ బలహీనత కాదు. 2020 మార్చి 25న కరోనా లాక్‌డౌన్ పెట్టాక మెస్ వేళలు, క్లాసుకు నడక, స్నేహితుల కబుర్లు అన్నీ ఒక్కసారే పోయాయి. ఒంటికి వేళ తెలిపేవి అవే.

రాత్రి ఎప్పుడు పడుకున్నా పొద్దున ఏడింటికి లే. అరగంట డాబా మీద ఎండలో తిరుగు. మంచం మీద క్లాసులు వినకు, వరండాలో చాప వేసుకున్నా సరే. నేనూ నా రూమ్మేటూ రోజూ సాయంత్రం వీడియో కాల్ పెట్టుకుని, మాటల్లేకపోయినా ఎవరి చదువు వాళ్లం చదువుకుంటున్నాం. నాకు అన్నిటికన్నా పనిచేసింది అదే.

ఏడుపు రెండు వారాలు దాటినా, బతకాలని లేదనిపించినా మాత్రం ఆగకు. వెంటనే అమ్మకు చెప్పు. విద్యార్థుల మానసిక సాయం కోసం 2020 జులైలో కేంద్రం మొదలుపెట్టిన మనోదర్పణ్ ఉంది, 8448440632కి ఫోన్ చెయ్యి.